పాత ఇంజిన్ ఆయిల్: పొలంలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేటు చేస్తుంది

మీరు అడిగింది ఇదీ: ట్రాక్టర్‌దీ, పంపు ఇంజిన్‌దీ, మిగతా బండ్లదీ మార్చిన పాత ఆయిల్ డ్రమ్ముల్లో పేరుకుపోయింది. పారబోయడానికి మనసు ఒప్పడం లేదు. కంచె గుంజలకు పూస్తే చెదలు పట్టవని ఒకరు, గట్ల మీద పోస్తే కలుపు చస్తుందని ఇంకొకరు, పశువులకు రాస్తే పిడుదులు రాలిపోతాయని మరొకరు చెప్పారు. ఇందులో ఏది నిజంగా పనికొస్తుంది?

ఆ మూడూ వద్దు. అయితే పాత ఆయిల్‌తో పొలంలో చేసుకోదగ్గ పనులు లేకపోలేదు, దాదాపు అన్నీ ఇనుముతో ముడిపడినవే. నేను ఒక్కటే చూసుకుంటాను: ఈ ఆయిల్ పూసిన చోటే ఉంటుందా, లేక వాన నీటిలోకో, మట్టిలోకో, పశువు నోట్లోకో, నా ఒంటి మీదకో పోతుందా? పూసిన చోటే ఉండి, పనయ్యాక గుడ్డతో తుడిచి తీయగలిగితే వాడతాను. లేదంటే డ్రమ్ములోనే ఉంచి, శుద్ధి చేసేవాళ్ళకు పంపిస్తాను.

కొత్త ఆయిలే కాస్త నల్లబడింది, అంతేగా అని చాలామంది అనుకుంటారు. అంతే అయితే బాగానే ఉండేది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సిలిండర్ గోడల వెంట మసి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. కాలీకాలని డీజిల్, పెట్రోలు వచ్చి చేరతాయి. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, ఆమ్లాలు చేరతాయి. బేరింగులు, రింగులు అరిగి రాలిన ఇనుము, రాగి, సీసం, అల్యూమినియం రజను కంటికి కనపడనంత సన్నగా తేలుతుంటుంది. తయారీలోనే కలిపిన జింకు, ఫాస్ఫరస్, కాల్షియం మందులు ఎలాగూ ఉన్నాయి. వీటన్నిటికంటే చెడ్డవి పీఏహెచ్‌లు, అంటే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. ఆయిల్ ఇంజిన్‌లో తిరిగేకొద్దీ ఇవి పోగవుతాయి, పెట్రోలు ఇంజిన్‌లో మరీ ఎక్కువ. వాడిన ఇంజిన్ ఆయిల్‌ను ఎలుకల చర్మానికి పదేపదే రాసి చూసిన ప్రయోగాల్లో క్యాన్సర్ కణితులు వచ్చాయి. ఒక్కసారి చేతికి అంటితే టెన్షన్ పడాల్సిన పని లేదు, సబ్బుతో కడిగేసుకుంటే చాలు. రోజూ చేతులు ముంచి పని చేయడం, ఆయిల్ నానిన ప్యాంటుతో రోజంతా తిరగడం, అదే గుడ్డ జేబులో పెట్టుకోవడం మాత్రం మానుకోవాలి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. సింథటిక్ ఆయిల్ అయినా ఇందులో తేడా ఏమీ లేదు.

ఇక చేయాల్సిన మొదటి పని, చాలామంది చేయని పని, ఆయిల్‌ను వేరు చేసి పెట్టుకోవడం. ఇంజిన్ ఆయిల్ ఒక డ్రమ్ము, హైడ్రాలిక్, గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకో డ్రమ్ము. హైడ్రాలిక్ ఆయిల్ మంట దగ్గరకు పోదు. కాబట్టి అందులో మసి ఉండదు, ఇంధనం కలవదు, పీఏహెచ్‌లు అలా పోగవవు. ఉంటే కాస్త ఇనుప రజను, కాస్త నీరు. పొలంలో తిరిగి వాడుకోవడానికి అసలైన సరుకు ఇదే. కింద నేను ‘వాడొచ్చు’ అన్న ప్రతి చోటా ముందు దీన్నే వాడండి, ఇంజిన్ ఆయిల్‌ను రెండో వరసలో పెట్టండి. గేర్ ఆయిల్‌తో మాత్రం ఒక జాగ్రత్త: ఘాటు గంధకం వాసన వేసే రకాల్లో ఉండే మందులు ఇత్తడి, రాగి, కంచు భాగాలను తినేస్తాయి. దాన్ని ఇనుము వరకే ఉంచండి.

వాడేముందు నీళ్ళున్నాయో లేదో చూసుకోవాలి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడితే పరీక్ష కూడా అక్కర్లేదు, అందులో నీళ్ళున్నట్టే. ఇంజిన్ ఆయిల్ అలా వచ్చిందంటే కూలెంట్ లీకవుతోందేమో, హెడ్ గ్యాస్కెట్ చూపించండి. ఆ సంగతి డ్రమ్ము కంటే అర్జెంటు. మామూలుగా కనిపించే ఆయిల్‌ను కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే నీరు, మడ్డి అడుగుకు చేరతాయి. పైనుంచి తీసుకోవాలి. అయినా అనుమానం ఉంటే, ఒక ఇనుప రేకును నీటి చుక్క పడితే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి చేసి, దాని మీద ఒక్క చుక్క ఆయిల్ వేయండి. నీరుంటే చిటపటలాడుతూ బుడగలు లేస్తాయి. నీరు లేని ఆయిల్ చప్పుడు లేకుండా పల్చగా పరుచుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆరుబయట, ఒక్క చుక్కతోనే చేయండి.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు. నా లెక్కలో అన్నిటికంటే మేలైన వాడకం, పని లేని రోజుల్లో పనిముట్లకు తుప్పు పట్టకుండా పూయడం. నాగలి కర్రు, రెక్క, డిస్కులు, కల్టివేటర్ పళ్ళు మట్టిలో రాసుకుని అద్దంలా మెరుస్తుంటాయి. ఆ మెరుపు మీద ఒక్క రాత్రి మంచు పడితే చాలు, పొద్దున్నకి ఎర్రటి పొర కమ్ముతుంది. నెలల తరబడి అలా వదిలేస్తే ఇనుము గరుకెక్కుతుంది. మళ్ళీ దున్నినప్పుడు మట్టి జారదు, అంటుకుంటుంది. ట్రాక్టర్ ముక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

పూసే పద్ధతి చెబుతాను. మట్టిని గీకి, వైరు బ్రష్ కొట్టి, నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద పూస్తే ఆయిల్ కింద నీరు ఇరుక్కుని లోపల్లోపలే తుప్పు పడుతుంది. పాత హైడ్రాలిక్ ఆయిల్ రెండు పాళ్ళు, గ్రీజు ఒక పాలు తీసుకుని, డబ్బాను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కలిపితే బ్రష్‌కి అందే చిక్కదనం వస్తుంది. పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు. పల్చగా పూయండి. వేలితో గీస్తే గీత కనపడాలి, అంతేగానీ కిందికి కారకూడదు. కారుతోందంటే ఎక్కువ పూశారని లెక్క. పనిముట్టును షెడ్డులో, చెక్కల మీద ఎత్తి పెట్టి, కింద పాత రేకో అట్టలో పరవండి. ఆరుబయట వానలో పెట్టేటట్టయితే ఈ పని చేయకపోవడమే మంచిది, మొదటి జల్లుకే ఆయిల్ నేలలోకి దిగుతుంది. సీజన్ మొదలయ్యాక పొలానికి తీసుకెళ్ళేముందు గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఈ తుడవడాన్నే అందరూ ఎగ్గొడతారు. తుడవకపోతే పూసినదంతా మొదటి చాళ్ళలోనే మట్టి పాలవుతుంది.

టైర్లు, బెల్టులు, రబ్బరు గొట్టాలు, బ్రేకులకు ఆయిల్ తగలనివ్వకండి. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. విత్తనాల గొర్రుకు ఇనుప చట్రం వరకు ఫర్వాలేదు, విత్తనపు పెట్టెలో, గొట్టాల్లో వద్దు. ఎరువుల పెట్టెకు అసలు కావాల్సింది ఆయిల్ కాదు, నీళ్ళు. ఎరువు తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. దాన్ని కడగకుండా పైన ఏం పూసినా దండగే. ఇంజిన్ ఆయిల్ తప్ప ఇంకేమీ లేకపోతే అదే పూయొచ్చు గానీ, ఆమ్లాలను అణిచే మందు అప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి ఒక సీజన్‌కు మించి నమ్ముకోవద్దు.

పట్టేసిన నట్లు, బోల్టులు, పిన్నుల సంగతి సులువు. సగం పాత హైడ్రాలిక్ ఆయిల్, సగం డీజిల్ కలిపి, మూత ఉన్న డబ్బాలో పోసి, తుప్పు పట్టిన సామాను అందులో కొన్ని రోజులు నాననివ్వండి. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చాలావరకు వదులుతాయి. బండికే ఉన్న బోల్టయితే బ్రష్‌తో అద్ది, పొద్దునా సాయంత్రమూ మళ్ళీ అద్దండి. అలా ఆయిల్, డీజిల్ అద్దిన బోల్టును తుడవకుండా గ్యాస్ కట్టర్ మంట పెట్టొద్దు, భగ్గుమంటుంది.

గేటు కీళ్ళు, తలుపు చక్రాలు, ట్రాలీ వెనక తలుపు గొళ్ళెం, పేడ ఎరువు చల్లే బండి చైను, ఇలా నెమ్మదిగా కదిలే మోటు ఇనుముకు నాలుగు చుక్కలు వేయొచ్చు. బేరింగులకు మాత్రం వద్దు. ఆయిల్‌లో తేలే లోహపు రజను గుడ్డలో వడకట్టినా పోదు, బేరింగు లోపల అది ఆకురాయిలా అరగదీస్తుంది. ధాన్యం ఎత్తే ఎలివేటర్, దాణా మోసే చైను లాంటివి ఎంత నెమ్మదిగా తిరిగినా ఈ ఆయిల్ ముట్టించకండి. వడకట్టిన ఇంజిన్ ఆయిల్‌ను ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లో పోయొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఆ రజనుకు పాడయ్యే హైడ్రాలిక్ పంపు ఖరీదు కనుక్కుని నిర్ణయించుకోండి.

కాంక్రీటు పోసేటప్పుడు సెంట్రింగ్ రేకులకు, అచ్చులకు పాత ఆయిల్ పూయడం చాలా చోట్ల మామూలే. మోటారు దిమ్మెలకు, గుంజల అచ్చులకు పల్చగా తుడిచినట్టు పూస్తే పని జరుగుతుంది. కాంక్రీటు మీద మరకలు పడతాయి, ఆ మీద ప్లాస్టరింగు, రంగు సరిగా పట్టుకోవు. నీటి తొట్టి, దాణా తొట్టి, పశువులు పడుకునే గచ్చు పోసేటప్పుడు మాత్రం వద్దు, వాటికి ఏదైనా వంటనూనె పూసినా అచ్చు ఊడి వస్తుంది.

ఇక కంచె గుంజలు. దీని మీద నాతో వాదించేవాళ్ళు ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. పాత ఆయిల్ పూసిన గుంజ నల్లగా నిగనిగలాడుతుంది, మొదటి వానకు నీరు పూసల్లా జారిపోతుంది. చూసేవాళ్ళకు ఇక దీనికి చావు లేదనిపిస్తుంది. నిజానికి గుంజ కుళ్ళేది పైన కాదు, నేల మట్టం దగ్గర. తేమా గాలీ రెండూ దొరికేది అక్కడే, కుళ్ళు తెచ్చే శిలీంధ్రానికి కావాల్సింది ఆ రెండే. బ్రష్‌తో పూసిన ఆయిల్ చెక్క లోపలికి పెద్దగా దిగదు. గుంజ ఎండి పగిలిన చోట లోపలి చెక్క బయటపడుతుంది, శిలీంధ్రం, చెదలు ఆ పగుళ్ళ గుండా వెళతాయి. పైగా ఇంజిన్ ఆయిల్‌లో శిలీంధ్రాన్ని చంపే మందంటూ ఏమీ లేదు. ఈ నమ్మకం క్రియోసోట్‌ను చూసి పుట్టి ఉంటుందని నా అనుమానం. రైల్వే స్లీపర్లకు పట్టించే ఆ నల్లటి ద్రవం కూడా ఘాటు వాసన వేస్తుంది. కానీ అది బొగ్గు తారు నుంచి తీసింది, చెక్కను తినే జీవులకు విషం, దాన్ని పీడనం పెట్టి చెక్క లోపలికి ఎక్కిస్తారు. రంగు ఒకటే అయినంత మాత్రాన పని ఒకటి కాదు. గుంజకు పూసిన ఆయిల్ ఏటా వానకు కాస్త కాస్తగా కరిగి దాని మొదట్లోకే దిగుతుంది, పశువులు వచ్చి ఒళ్ళు రుద్దుకుంటాయి, నాకుతాయి. చేవ ఉన్న కర్ర ఎంచుకోండి, బెరడు తీసి బాగా ఆరబెట్టండి, నీరు నిలవకుండా తలను ఏటవాలుగా కోయండి, గుంతలో చుట్టూ కంకర వేయండి. లేదా సిమెంటు గుంజలో, ఇనుప కోణాలో వేసేయండి.

కలుపు మీద పోయడం గురించి ఎక్కువ చెప్పను. ఆయిల్ పడ్డ ఆకు మాడిపోతుంది, వేరు బతికి మళ్ళీ చిగురిస్తుంది. నేల మాత్రం నీటిని పీల్చుకోవడం మానేస్తుంది. ఆయిల్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని కూడా వాడేసుకుంటాయి కాబట్టి పక్కనున్న పైరు పసుపెక్కుతుంది. లోహాలు ఏ సూక్ష్మజీవీ తినేవి కావు, అక్కడే ఉండిపోతాయి. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. లీటర్లలోనూ లెక్క అదే, ఒకటికి పది లక్షలు. బావి, చెరువు, బోరు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

దుమ్ము లేవకుండా దారి మీద చల్లడం ఇంకా పెద్ద తప్పు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో టైమ్స్ బీచ్ అనే చిన్న ఊరు ఉండేది. 1970ల మొదట్లో అక్కడి మట్టి రోడ్ల మీద దుమ్ము అణచడానికి వేస్ట్ ఆయిల్ చల్లించారు. ఆ ఆయిల్‌లో ఒక రసాయన కర్మాగారపు వ్యర్థం కలిసి ఉంది, అందులో డయాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంది. అదే ఆయిల్ చల్లిన గుర్రపు శాలల్లో గుర్రాలు చచ్చిపోయాయి. 1982లో ఊరి మట్టిలో డయాక్సిన్ బయటపడింది, 1983లో ప్రభుత్వం ఊరు మొత్తాన్ని కొంటామని ప్రకటించి, ఆ తర్వాత జనాన్ని పంపించేసింది. మన డ్రమ్ములో డయాక్సిన్ ఎందుకుంటుంది అంటారేమో. మీ ట్రాక్టర్ నుంచి మీరే తీసిన ఆయిల్‌లో ఆ స్థాయిలో ఉండదు. బయటి నుంచి ఊరికే వస్తోంది కదా అని తెచ్చుకున్న డ్రమ్ములో ఏముందో ఎవరికి తెలుసు? నేను నా యంత్రాల్లోంచి తీసినది తప్ప వేరే ఆయిల్ షెడ్డులోకి రానివ్వను.

పశువులకు రాయడం అస్సలు వద్దు. పిడుదులు ఊపిరాడక చస్తాయేమో గానీ, చర్మం మండుతుంది, వెంట్రుకలు ఊడతాయి, పశువు తన ఒంటిని తాను నాకుతుంది, దూడ తల్లిని నాకుతుంది. పశువుల్లో సీసపు విషానికి పాత బ్యాటరీలు, ఇంజిన్ నుంచి తీసిన ఆయిల్ ఎప్పటినుంచో పేరుమోసిన కారణాలు. బండ్లకు సీసం కలిపిన పెట్రోలు ఒక్కో దేశంలో ఆగుతూ వచ్చి, 2021లో ప్రపంచమంతటా ఆగిపోయింది, దాంతో ఆయిల్‌లో సీసం బాగా తగ్గింది, అది నిజమే. అయినా బేరింగుల నుంచి వచ్చేది ఉంటుంది, మిగతా సరుకంతా అలాగే ఉంటుంది, పాలలోకి వచ్చేది వేరే లెక్క. పిడుదులకు, గజ్జికి మంచి మందులున్నాయి, పశువైద్యుడిని అడగండి. డ్రమ్ములు కూడా పశువులు చేరలేని చోట, మూత బిగించి ఉంచండి. ముఖ్యంగా దూడలు కనపడిన ప్రతిదాన్నీ నాకి చూస్తాయి.

చైన్ సా (మోటారు రంపం) బార్‌కు, అంటే చైను తిరిగే ఇనుప పట్టీకి, పాత ఆయిల్ పోసేవాళ్ళున్నారు. తయారీదార్లు వద్దంటారు, కారణం ఉంది. బార్ ఆయిల్‌లో చైనుకు అంటుకుని ఉండేలా జిగురు కలుపుతారు, ఇందులో అది లేదు. చైను వేగానికి ఆయిల్ తుంపర్లుగా లేచి మీ మొహం మీద, ఊపిరిలో, కొట్టే కొమ్మ మీద పడుతుంది. అంతగా ఖర్చు తగ్గించుకోవాలంటే వంటనూనె పోసుకోండి, కాకపోతే పని అయ్యాక సాను నెలల తరబడి అలా వదిలేయకండి, నూనె జిగటగా గట్టిపడుతుంది. కొడవళ్ళు, కత్తులు ఎర్రగా కాల్చి ముంచడానికీ అంతే. పాత ఆయిల్‌లోంచి లేచే పొగ మంచిది కాదు, అందులో నీరుంటే ఆయిల్ పైకి చిమ్మి అంటుకుంటుంది. వంటనూనె పొగ కాస్త నయం, కానీ అదీ మండేదే, ఇనుప మూత పక్కనే ఉండాలి.

ఇంధనంగా? ఆయిల్‌లో వేడి దండిగా ఉంది, కిలోకు సుమారు 10,000 కిలోక్యాలరీలు. వేస్ట్ ఆయిల్ కోసమే తయారైన బర్నర్లు ఉంటాయి. గాలి కలిపి సన్నటి తుంపరగా చేసి, పొగగొట్టం పెట్టి మండిస్తే పని చేస్తాయి, బూడిదను మాత్రం తరచూ తీయాలి. ఇంట్లో డబ్బాతో చేసుకున్న చుక్క చుక్క పొయ్యిలో మంట చల్లగా, మసిగా మండుతుంది, లోహాలు పొగతో పాటు బయటికొస్తాయి. ధాన్యం ఆరబెట్టే యంత్రానికి, పొగ నేరుగా గింజ మీదకు వెళ్ళే పద్ధతిలో, ఏ బర్నర్‌తోనైనా దీన్ని వాడకూడదు. డీజిల్‌లో కాస్త కలిపి ట్రాక్టర్‌లో పోయడం పాత మోటు ఇంజిన్ల కాలంలో నడిచింది. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్‌ను ఎక్కువ పీడనంతో చిమ్మే ఇంజెక్టర్లలో సందులు మైక్రాన్లలో ఉంటాయి, ఆ రజనుకు అవి తట్టుకోలేవు.

మిగిలిందంతా శుద్ధి కర్మాగారానికి పోవాలి, నిజానికి ఎక్కువ భాగం అక్కడికే పోవాలి. ఆయిల్ మాసిపోతుంది గానీ, దాని మూల నూనె అరిగిపోదు. నీటినీ ఇంధనాన్నీ ఆవిరి చేసి తీసేసి, శూన్యంలో బట్టీ పట్టి, హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తే మళ్ళీ ఇంజిన్‌లో పోసే ఆయిల్ అవుతుంది. ఈపీఏ లెక్కలో 3.8 లీటర్ల వాడిన ఆయిల్ నుంచి దాదాపు 2.4 లీటర్ల లూబ్రికెంట్ వస్తుంది. అంత లూబ్రికెంట్ ముడి చమురు నుంచి తీయాలంటే ఒక బ్యారెల్, అంటే 159 లీటర్లు కావాలి. గట్టు మీద పారబోసేది ఇంత విలువైన సరుకు.

వాళ్ళు తీసుకోవాలంటే డ్రమ్ములో ఇంకేదీ కలపకూడదు. కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, పెట్రోలు, పురుగుమందు, పెయింటు కడిగిన థిన్నర్, ఏదీ. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు మరీ చేటు. అమెరికా నిబంధనల్లో హాలోజెన్లు (క్లోరిన్ లాంటి మూలకాలు) 1,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు, దాటితే ప్రమాదకర వ్యర్థం కలిసినట్టే భావిస్తారు. 200 లీటర్ల డ్రమ్ములో అంతంటే పావు లీటరు కూడా కాదు. డ్రమ్ము మీద ఏ ఆయిలో రాయండి, గరాటు తీసేసి మూత పెట్టండి, కప్పు కింద గట్టి నేల మీద పళ్ళెంలో ఉంచండి. ఒలికితే రంపపు పొట్టు చల్లి ఎత్తండి, దాన్ని ఎరువు గుంతలో వేయకండి.

ఫిల్టర్లను మర్చిపోతుంటారు. ఇంజిన్ వేడిగా ఉండగానే ఫిల్టర్ విప్పి, పై బొడిపెకు చిల్లు పెట్టి, తలకిందులుగా కనీసం 12 గంటలు జల్లెడ మీద ఉంచితే లోపల మిగిలిన ఆయిల్ దిగిపోతుంది, డబ్బాను పాత ఇనుము కింద వేసేయొచ్చు. అసలు ఆయిల్‌ను ఎన్ని గంటలకు మారుస్తున్నారో కూడా ఒకసారి మాన్యువల్‌లో సరిచూసుకోండి. నల్లబడగానే మార్చేస్తున్నారేమో. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది, అది మసిని పట్టుకుని తన పని తాను చేస్తోందని అర్థం. గంటల మీటరు చూసి మార్చడం మొదలుపెడితే డ్రమ్ము నిండడమే ఆలస్యమవుతుంది.